కూసే కర్ర, ఆకు అచ్చు

దర్జీ కొట్టు వెనక గది
వానలకు ముందు

మరిదికి,

నన్ను బొటనవేలమ్మ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది గానీ దానితో పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు కాబట్టి అది రాయించడం సిరా దండగ. వయసు డెబ్బై దాటి చాలాకాలమైంది. ఇంటి జనం ఎంతమంది అంటే నేనొక్కదాన్నే. ఒక మంచం, ఒక బొంత, ఒక పెట్టె, గోడకి ఒక అద్దం. మా ఆయన గుండీల కార్ఖానాలో అచ్చులు చెక్కినవాడు. నువ్వు ఆయన తమ్ముడివి. ఇదంతా నీకు తెలిసిందే. అయినా ఎందుకు చెప్పిస్తున్నానంటే, రేపు నలుగురిలో ఈ కాగితం చదవాల్సి వస్తే ఎవరికి ఎవరు ఏమవుతారో అందరికీ తెలియాలి.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే దర్జీ రాస్తున్నాడు. "మెల్లగా చెప్పు పెద్దమ్మా, నా చెయ్యేమైనా కుట్టుమిషనా?" అంటున్నాడు. నేను ఆగను. మాట్లాడుతుంటే నన్ను ఆపగలిగిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన పోయాడు.

ఇక నా ఫిర్యాదు. మీ అన్న పోయిన దుఃఖం ఇంకా ఆరకముందే మేడ మీద గది ఖాళీ చేయమన్నావు. అట్టపెట్టెలకు చోటు చాలట్లేదన్నావు. అట్టపెట్టెకు ఉన్న విలువ వదినకు లేకపోయింది. వీధిలో అందరూ చూస్తుండగా నీ పెళ్లాం నా మూటలు విప్పి, మడతలు దులిపి మరీ చూసింది. బొంత ఒక్కటే ముట్టుకోలేదు. రోగిష్టి మనిషి పడుకున్నది, కంపు అంది. ఆ మాట నేను మరిచిపోయాననుకోవద్దు.

ఇప్పుడేమో ఆకు గుండీ అచ్చులు ఎక్కడున్నాయని మనుషులతో అడిగిస్తున్నావు. బ్యాండువాళ్లు తమ కోట్లకు పాత ఆకు గుండీలే కావాలని పట్టుబట్టారట కదా. నువ్వు బయట చెక్కించిన అచ్చుతో కొట్టి చూపిస్తే "ఇది ఆకు కాదు, చెప్పు అడుగు" అని తిప్పికొట్టారట కదా. విని కడుపు పట్టుకుని నవ్వాను.

అచ్చులు నేలలో ఉన్నాయి. కార్ఖానా వెనక స్థలంలో. మిషన్లతో పాటు వాటినీ నువ్వు బేరం పెట్టడం మీ అన్న మంచంలో ఉండి విన్నాడు. సెలవు రోజు మధ్యాహ్నం, లేవలేనివాడు లేచి, నా భుజం పట్టుకుని నడిచి, వాటిని పాతాడు. చోటు తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నాకు కావలసింది ఆ గది. కిటికీ పక్కన ఆయన పనిబల్ల, దాని పక్కన నా ముక్కాలిపీట. ఆ పీట మీద కూర్చునే ఆయన చెక్కిన ప్రతి అచ్చునూ చూశాను. కళ్లతో కాదు. మైనం ముద్దను అచ్చులో నొక్కి తీసి నా చేతిలో పెట్టేవాడు. నేను కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమి "ఆకు" అంటే పని అయినట్టు. "చేప" అన్నానో, మళ్లీ ఉలి పట్టేవాడు. భూతద్దాన్ని నమ్మలేదు, నా వేలిని నమ్మాడు. నా పేరు అట్లా వచ్చింది. నేను పోతే ఆ పీట మీదే పోవాలి.

గది తాళం ఇవ్వు, చోటు చూపిస్తాను. ఇవ్వకపోతే తవ్వుకో.

ఇది నా వేలిముద్ర.

* * *

కార్ఖానా ఆఫీసు గది
తొలివాన పడిన వారం

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం అందింది. దర్జీ చేతిరాత బాగుంది. మీ మాటతీరు మాత్రం మారలేదు.

గది విషయం మళ్లీ ఎత్తకండి. అందులో ఇప్పుడు సరుకు ఉంది. పైగా ఆ మెట్లు ఎక్కే వయసా మీది? కింద పడితే మళ్లీ ఆ నింద మాకే. మీరు ఈ ఇంటికి చేసిన చాకిరీకి అన్నయ్య జీవితమంతా తిండి పెట్టాడు. లెక్క సరిపోయింది.

మీరు కోపంలో ఒక మాట జారారు, అందుకు మాత్రం కృతజ్ఞుణ్ని. వెనక స్థలం అన్నారు. అంతకంటే నాకు అక్కర్లేదు. భూమిలో ఉన్న లోహాన్ని పట్టే యంత్రం, మెటల్ డిటెక్టర్, తెప్పించాను. పొడుగాటి కర్ర, చివర పళ్లెం లాంటి చక్రం. నేల మీద అటూ ఇటూ ఆడిస్తూ నడిస్తే లోపల ఏముందో చెవిలో కూస్తుంది. అచ్చులను అన్నయ్య ఎప్పుడూ ఆ పెద్ద ఇత్తడి పెట్టెలోనే ఉంచేవాడు. అచ్చులతో పాటు ఆ పెట్టె కూడా కనిపించడం లేదంటే దానితో సహా పాతాడన్నమాట. అంత ఇత్తడి ఒక్కచోట ఉంటే యంత్రానికి దొరక్కుండా పోదు.

పనివాళ్లు వెళ్లిపోయాక సాయంత్రాలు నేనే వెతుకుతున్నాను. గడ్డి ఏపుగా ఉంది, దోమలున్నాయి. అంతకంటే ఇబ్బంది ఏమీ లేదు.

ఇకపై ఉత్తరాలు రాయించి దర్జీ సమయం వృథా చేయకండి.

ఇట్లు,
మీ మరిది

* * *

దర్జీ కొట్టు వెనక గది
ముసురు పట్టిన రోజు

మరిదికి,

బొటనవేలమ్మ చెబుతున్నది, దర్జీ రాస్తున్నాడు, ఇస్త్రీ చేసే ఆవిడ గడపలో కూర్చుని వింటున్నది. నీ ఉత్తరం ఆవిడకూ చదివి వినిపించాం. "లెక్క సరిపోయింది" అన్న చోట ఆవిడ ఒక మాట అంది. దర్జీ అది రాయనంటున్నాడు, ఇంట్లో ఆడపిల్లలున్నారట.

కూసే కర్ర కొన్నావా! మీ అన్న చేత్తో దాచిన అచ్చును కాళ్లతో తొక్కుతూ వెతుకుతావా! చెవులకు డిప్పలు తగిలించుకుని, చక్రం తిప్పుకుంటూ, ఆ గడ్డిలో నిన్ను తలుచుకుంటే నాకు ఈ చలిలో ఒళ్లు వెచ్చబడింది.

"దోమలున్నాయి, అంతే" అంటావేం? ఆ నేల సంగతి నీకేం తెలుసు. నువ్వు ఆఫీసు గదిలో ఫ్యాను కింద పెరిగిన పెద్దమనిషివి. నేను ఆ స్థలంలో బట్టలు ఆరేశాను, బూడిద పోశాను, గుండీలు కడిగాను. కడుగురాయి దగ్గర గుంటలో నీళ్లు నిలుస్తాయి, అక్కడ దోమ. కుక్కలు పడుకునే గడ్డిలో పిడుదు. గోడ పక్క పాత గొట్టంలో కందిరీగ. రేకుల షెడ్డు వెనక జోరీగ, అది బట్ట మీంచి కూడా కుడుతుంది.

నిన్ను తిట్టడానికి నోరున్నట్టే చెప్పడానికీ నోరుంది. నేను ఈ ఇంటికి వచ్చేటప్పటికి నువ్వు నా మోకాలెత్తు. నీ తలలో పేలు ఏరిన చేతులివి. కాబట్టి విను. ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకో. తెల్లబట్టలు వేసుకో, పిడుదు ఎక్కితే కనిపిస్తుంది. అంటుకుంటే నలపకు, చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా తీయి. పొద్దు వాలే వేళ వెళ్లకు, ఎండ ఉండగానే వెళ్లు. పనివాళ్లు చూస్తారని సిగ్గా? చూడనీ. అన్న దాచినదాన్ని తమ్ముడు దొంగలా తవ్వుకుంటున్నాడని వాళ్లకు ఎటూ తెలుసు.

ఇంకోసారి అడుగుతున్నాను. గది ఇవ్వు. మెట్లు నేను ఎక్కుతాను, నిన్ను ఎత్తుకుని ఎక్కినదాన్నే. సరుకు ఉంటే ఉండనీ, నాకు కిటికీ పక్కన చోటు చాలు. ఆ బల్ల మీద ఏమీ పెట్టొద్దు. ఆయన మోచెయ్యి ఆనిన చోట చెక్క పళ్లెంలా అరిగింది. అందులో నా చెయ్యి పెట్టుకుంటే సరిగ్గా సరిపోతుంది.

అచ్చుల కంటే ముందు నీకు అదే చెప్పాలనుకున్నాను, చెప్పాను.

వేలిముద్ర.

* * *

కార్ఖానా ఆఫీసు గది
వానలు జోరందుకున్నాక

వదినగారికి,

మీ మొదటి సలహా పనిచేసింది. ప్యాంటు మేజోళ్లలో దోపాక పిడుదులు తగ్గాయి. ఆ మేరకు ధన్యవాదాలు.

మిగతావాటి సంగతే చెప్పలేకుండా ఉన్నాను. ఒక చేతిలో యంత్రం, ఒక చేతిలో తవ్వుకోల. దోమ మెడ మీద వాలితే కొట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. చెయ్యి కదిలితే చక్రం కదులుతుంది, కూత చెదిరిపోతుంది, అప్పటిదాకా నడిచినదంతా మళ్లీ నడవాలి. అందుకని పళ్లు బిగించి కుట్టించుకుంటున్నాను. హెడ్‌ఫోన్ కింద చెమట పడితే చిన్న ఈగలు అందులో దూరుతున్నాయి. చెవిలో కూసేది ఇత్తడో ఈగో తెలియడం లేదు. దోమల మందు రాసుకున్న చేత్తో మీటలు పట్టుకుంటే ప్లాస్టిక్ కరిగి జిగటగా అయిపోయింది. చక్రం గోడ గొట్టానికి తగిలి కందిరీగలు లేచాయి. ఒక కన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు.

అసలు చిక్కు అది కాదు. ఆ నేలంతా ఇనుమే. మేకులు, రేకులు, రజను. అడుగు తీసి అడుగు వేస్తే కూత. చివరికి యంత్రంలో ఒక మీట ఉందని తెలిసింది. అది తిప్పితే ఇనుము మీద వెళ్లినా నోరు మెదపదు. ఇత్తడికి మాత్రమే కూస్తుంది. ఇప్పుడు ప్రాణం హాయిగా ఉంది. నాకు కావలసింది ఇత్తడి పెట్టె కదా. వెనక స్థలం చాలా వరకు నడిచేశాను.

దోమలకు పొగ ఒక్కటే మందు అన్నారు. పచ్చి గడ్డి కాల్చితే పొగ నిలవలేదు, పొడి కర్ర కావలసి వచ్చింది. మేడ మీద కిటికీ పక్కనున్న పాత బల్లను కొట్టించాను. నూనె తాగిన చెక్క కదా, నిదానంగా రాజుకుని ఎంతసేపు పొగ ఇచ్చిందో. ఆ పూట ఒక్క దోమ దగ్గరికి రాలేదు. పక్కనున్న ముక్కాలిపీట కూడా అందులోనే పోయింది. ఎటూ విరిగినదే. మీరు ఆ బల్ల మీద ఏమీ పెట్టొద్దన్నారు, ఇక ఆ సమస్య లేదు.

జోరీగలకు ఏం చేయాలో తెలిస్తే రాయించండి. వాటి దెబ్బకు వీపు వాచిపోయింది.

ఇట్లు,
మీ మరిది

* * *

దర్జీ కొట్టు వెనక గది
అదే వారం

బాబూ,

నీ ఉత్తరం అందింది. బల్ల సంగతి విన్నాను. దర్జీ ఆ ముక్క చదివి ఆగిపోయాడు. నేనే మళ్లీ చదవమన్నాను.

పోనీలే. చెక్క కాలడానికే ఉంది. నువ్వు కుట్టించుకోకుండా ఉంటే అదే చాలు.

జోరీగలకు మందు అడిగావు. తెలుపు పిడుదులకు బాబూ. జోరీగలకు తెలుపు పనికిరాదు, నలుపు కావాలి. నీకొక నల్లకోటు ఉంది కదా, పెళ్లిళ్లకు వేసుకునేది. అది వేసుకో. మందంగా ఉంటుంది, కుట్టు లోపలికి దిగదు. చెమట పడుతుంది, పట్టనీ, ఒళ్లు తడిగా ఉంటే మంట తెలియదు. తలకు మంచి వాసన నూనె బాగా పట్టించు, మెడ దాకా కారాలి. ఘాటుకు ఈగ దగ్గరికి రాదు. పొద్దు వాలే వేళ వెళ్లొద్దని నేనే అన్నాను గానీ ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిది, ఎండదెబ్బ ఉండదు.

ఇనుము నోరు మూయించడం మంచి తెలివి. మీ అన్నకు కూడా తట్టి ఉండేది కాదు. అట్లాగే మూసి ఉంచు. ఎవరేమన్నా తెరవకు.

గది గురించి ఇక అడగను.

వేలిముద్ర.

* * *

కార్ఖానా ఆఫీసు గది
వానలు తెరిపిచ్చిన వేళ

వదినగారికి,

మీరు ఇంత మెత్తగా రాయిస్తారని అనుకోలేదు. మా ఆవిడకు చదివి వినిపించాను. "వయసు మీదపడితే అందరూ దారికొస్తారు" అంది.

మీరు చెప్పినట్టే నల్లకోటు వేసుకుంటున్నాను, నూనె పట్టిస్తున్నాను. ఎందుకో ఈగలు ఇంకా ఎక్కువైనట్టు ఉంది. భుజాల మీద నల్లగా వాలిపోయి ఉంటున్నాయి. మందు పట్టేదాకా అంతేనేమో. ముఖమంతా దద్దుర్లు. గీరితే పుళ్లు, పుళ్ల మీద మళ్లీ దోమలు. నిన్న బ్యాండువాళ్ల మనిషి వచ్చి నన్ను చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇంకొన్నాళ్లు ఆగుతాం, ఆ తర్వాత వేరే చోట చూసుకుంటాం అని చెప్పి పోయాడు. ఈ ఆర్డరు పోతే కార్ఖానా తలుపు మూసుకోవడమే.

స్థలమంతా నడిచాను. ఇత్తడి ముక్కలు దొరికాయి, తుక్కు గుండీలు దొరికాయి, పెట్టె దొరకలేదు. ఇక మిగిలింది కడుగురాయి దగ్గర గుంట ఒక్కటే. చక్రం దాని మీద కూడా ఆడించాను, నోరు మెదపలేదు. అక్కడ నిలబడితే మాత్రం దోమలు పొగలా లేస్తున్నాయి. నీళ్లలో పురుగు లుకలుకలాడుతోంది. ఈ బాధంతా అక్కడే పుడుతోంది.

గుండీలు తోమిన పాత ఆసిడ్ పీపాల్లో నిండుగా ఉంది. అదంతా గుంటలో పోయిస్తే పురుగుతో సహా చస్తుంది అనుకుంటున్నాను. ప్రెస్సు తిప్పేవాడు "పెద్దాయన ఆ గుంటలో ఆసిడ్ పోయనిచ్చేవాడు కాదు" అంటున్నాడు. అన్నయ్యకు అన్నిటికీ అడ్డు చెప్పడం అలవాటే.

ఒక్కమాట సూటిగా అడుగుతాను. ఆ గుంట దగ్గర ఏమైనా ఉందా? ఉంటే చెప్పండి, పోయించను.

ఇట్లు,
మీ మరిది

* * *

దర్జీ కొట్టు వెనక గది
ఉత్తరం అందిన పూటే

బాబూ,

ఆ గుంటలో దోమలు తప్ప ఏముంటాయి. నీ యంత్రమే చెప్పింది కదా ఏమీ లేదని. అంత ఖరీదైనదాన్ని నమ్మక, చదువురాని ముసలిదాన్ని అడుగుతావా?

మీ అన్న వద్దన్నది నా కాళ్ల కోసం. గుండీలు కడగడానికి నేను ఆ గుంటలోకి దిగేదాన్ని, మడమలు పగిలి ఉండేవి. ఇప్పుడు దిగేవాళ్లు ఎవరున్నారు.

పోయించు. కొంచెం కాదు, పీపాలన్నీ. పైపైన పోస్తే పురుగు అడుక్కి పోయి బతుకుతుంది. గునపంతో గుంట అడుగు కాస్త పొడిపించి పోయించు, లోపలికంటా దిగుతుంది. వాన వస్తే పలచబడుతుంది, మళ్లీ పోయించు.

దర్జీ కలం పక్కన పెట్టి నా మొహం చూస్తున్నాడు. రాయరా అన్నాను. రాశాడు.

వేలిముద్ర.

* * *

మేడ కింద పడకగది
చలి మొదలైంది

వదినా,

నా చేతి వేళ్లు వాచి ఉన్నాయి, అక్షరాలు వంకర పోతే దర్జీని కూడబలుక్కుని చదవమను.

జ్వరం దిగడం లేదు. ఏదో పిడుదు జుట్టు కుదుళ్లలో అంటుకుని ఉండిపోయిందట, నూనె జిడ్డులో కనిపించలేదు. డాక్టరు పట్టకారుతో లాగేసరికి బఠాణీ గింజంత ఉంది. జుట్టు గొరిగేశారు. అద్దంలో చూసుకుంటే నువ్వు పేలు ఏరిన తల గుర్తొచ్చింది. నేను ఏడిస్తే నువ్వు ఒక పేను చంపి, ఒక కథ చెప్పేదానివి.

గుంటలో పీపాలన్నీ పోయించాను, నువ్వు చెప్పినట్టు అడుగు పొడిపించి. మళ్లీ మళ్లీ పోయించాను. దోమలు చచ్చాయి. గడ్డి చచ్చింది. అంతా చచ్చాక తీరిగ్గా మళ్లీ నడిచాను. పెట్టె లేదు వదినా.

బ్యాండువాళ్లు ఈ వారం ఆఖరి గడువు ఇచ్చారు. నా వల్ల కాదు. నువ్వు గెలిచావు. గది ఖాళీ చేయించాను. అట్టపెట్టెలు వరండాలో తడుస్తున్నాయి. కిటికీ కడిగించాను. కొత్త బల్ల, కొత్త పీట చేయిస్తాను. తాళంచెవి ఈ ఉత్తరంతో పంపుతున్నాను, అది నీది. ఎప్పుడైనా రా. మెట్లెక్కలేకపోతే నేను ఎత్తుకుని తీసుకెళ్తాను. మా ఆవిడ నీ కాళ్లు పట్టుకుంటానంటోంది.

చోటు చెప్పు వదినా. నువ్వు తప్ప నాకు ఎవరున్నారు చెప్పడానికి.

నీ
చిన్నోడు

* * *

దర్జీ కొట్టు వెనక గది
తాళంచెవి అందిన రోజు

చిన్నోడా,

తాళంచెవి అందింది. చల్లగా ఉంది.

చెబుతున్నాను, విను. నీ కూసే కర్రకు ఇనుము మీద మూయించిన నోరు తెరువు. గుంట దగ్గరికి వెళ్లు. కడుగురాయికి కుడివైపు, గుంట బాగా లోతైన చోట. అక్కడ తవ్వించు.

దొరుకుతుంది.

వేలిముద్ర.

* * *

మేడ కింద పడకగది
మరుసటి వారం

వదినా,

మీట తిప్పి చక్రం ఆ చోట పెట్టగానే చెవులు పగిలేలా కూసింది. నేను రోజూ నిలబడ్డ చోటే. నా బూటు గుర్తులు కూడా ఉన్నాయి.

ఇత్తడి పెట్టె కాదు. ఇనుప బిస్కెట్ల డబ్బా. మూత తీయబోతే వేలికి ఊడి వచ్చింది. లోపల గ్రీజు పట్టించిన గుడ్డ నల్లటి బురద అయిపోయింది. ఉక్కు అచ్చులు మొహాలు లేకుండా ఉన్నాయి. తినేసింది. అంచులు చేతికి పొడిపొడిగా రాలుతున్నాయి. ఒక్క అచ్చుకు మాత్రం కాస్త ఆకారం మిగిలింది. తోమించి, ప్రెస్సుకు ఎక్కించి ఒక గుండీ కొట్టించాను. ఇందులో పెట్టాను. బ్యాండువాళ్ల మనిషి దాన్ని చూసి, నన్ను చూసి, తిరిగి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఒకటే అడుగుతున్నాను. ఆసిడ్ పోయించమన్నప్పుడు నీకు తెలుసా? పైన పోస్తే చాలదు, పొడిపించి పోయించమన్నావు. అప్పుడు నీకు తెలుసా?

అవి అన్నయ్య చేతి పని వదినా.

చిన్నోడు

* * *

దర్జీ కొట్టు వెనక గది
చలి ముదిరింది

మరిదికి,

నన్ను బొటనవేలమ్మ అంటారు. డెబ్బై దాటినదాన్ని. ఇంటి జనం నేనొక్కదాన్నే. మొదటి ఉత్తరంలో చెప్పిన మంచం ఉంది, బొంత ఉంది, అద్దం ఉంది, పెట్టె ఉంది. ఆ పెట్టె ఇత్తడిది. నీ పెళ్లాం ముట్టుకోని బొంతలోనే చుట్టుకుని వచ్చాను. అచ్చులు డబ్బాలోకి మార్చి, పెట్టె నా గుర్తుగా ఉంచుకో అని మీ అన్న ఇచ్చాడు. నువ్వు వానలో దాని కోసం నడుస్తుంటే అందులో నా దువ్వెనా, సూదులూ ఉన్నాయి. దాని మీద చెయ్యి ఆనించుకునే నీకు ఉత్తరాలన్నీ చెప్పించాను.

తెలుసా అని అడిగావు. తెలుసు.

నల్లకోటు వేసుకోమన్నప్పుడు జోరీగకు నలుపంటే ప్రాణమని తెలుసు. ఆరేసిన బట్టల్లో నల్లదాని మీదే వాలేవి. తియ్యటి వాసనకు ఈగ వస్తుందని తెలుసు. ఆ గుంటలో డబ్బా ఉందని తెలుసు. మీ అన్న గొయ్యి తీయలేక దమ్ము చాలక కూర్చుంటే నేనే తవ్వాను, నేనే దించాను, నేనే మట్టి కప్పాను. ఉక్కును ఆసిడ్ ఏం చేస్తుందో, గుండీల కార్ఖానాలో జుట్టు నెరిసినదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది. ఒక్కసారి కాదు, పీపా పీపాకూ తెలుసు.

"అన్నయ్య చేతి పని" అంటున్నావు. ఇప్పుడు గుర్తొచ్చిందా? ఆ బల్ల ఎవరి చేతి పని అనుకున్నావు? ఆయన మోచెయ్యి అరగదీసిన చెక్కను, నీ ఒంటి మీద దోమ వాలకుండా తగలబెట్టుకుని, ఎంత బాగా మండిందో నాకే రాసి పంపావు. అది చదివించుకునే దాకా నీకు అచ్చులు ఇచ్చేయాలనే ఉంది నాకు. గది ఇచ్చినా ఇవ్వకపోయినా, చలి ముదిరేలోపు చెప్పేద్దామనే ఉంది. మా ఇస్త్రీ ఆవిడను అడుగు, ఆవిడ సాక్షి. నీకు పిడుదుల మందు చెప్పినప్పుడు నేను నిజంగా నిన్ను కాపాడదామనే చెప్పాను. పొగ కోసం బల్ల కొట్టించావు చూడు, ఆ పూటతో నాకు గదీ లేదు, నీకు అచ్చూ లేదు.

నాకు బాధ లేదనుకోకు. నీ కంటే నాకే ఎక్కువ పోయింది. పోనీ అన్నాను.

నువ్వు పంపిన గుండీని కళ్లు మూసుకుని తడిమాను. గదిలో దర్జీ, అతని భార్య, ఇస్త్రీ ఆవిడ చుట్టూ చేరి చూస్తున్నారు. ఆకు లేదు. ఈనెలు లేవు. అన్నీ గుంటలు. "ఏముంది పెద్దమ్మా?" అని దర్జీ అడిగాడు. "మా మరిది మొహం" అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతుండగా వేలికి అంచు దగ్గర తొడిమ తగిలింది. అది మాత్రం ఉంది. మీ అన్న తొడిమను ఎప్పుడూ కాస్త ఎడమకు వంచి చెక్కేవాడు. అట్లాగే ఉంది. ఆ తర్వాత దర్జీ దీపం వెలిగించేదాకా దాన్ని తడుముతూనే ఉన్నానట.

ఆ గుండీ తిప్పి పంపుతున్నాను. నాకొద్దు. నీ నల్లకోటుకు కుట్టించుకో.

తాళంచెవి మాత్రం పంపడం లేదు. ప్రెస్సు తిప్పేవాడు నన్ను చూడడానికి వచ్చినప్పుడు అతని చేతికిచ్చి, వెనక స్థలంలోకి ఎంత దూరం విసరగలడో అంత దూరం విసరమన్నాను. విసిరాడు. అది ఇనుపదే. ఆ గదిలో ఏముందని, ఇక ఎవరూ తెరవక్కర్లేదు. తెరవాలనిపిస్తే కర్ర పట్టుకుని వెతుక్కో. మళ్లీ వానలొస్తాయి, గడ్డి మొలుస్తుంది, దోమలూ వస్తాయి. ఈసారి ఏం వేసుకోవాలో నన్ను అడగకు.

ఇదే నా ఫిర్యాదు, ఇదే నా తీర్పు. కింద నా వేలిముద్ర. ఆ తొడిమను తడిమిన వేలే.

(బొటనవేలి ముద్ర)

సాక్షులు:
రాసిన దర్జీ
దర్జీ భార్య
ఎదురు కొట్టులో ఇస్త్రీ చేసే ఆమె

పైదంతా ఆమెకు మళ్లీ చదివి వినిపించాం. ఒక్క మాట కూడా మార్చమనలేదు. సిరా తుడుచుకోమని గుడ్డ ఇస్తే తీసుకోలేదు.